ఉరకలేదని రాసిన మూడు దినాలు

డాక్టరమ్మ పోయిందన్న ముచ్చట నాకు ఫోన్ల తెలిసింది. పొద్దుగాల ఫస్టు షిఫ్టు సైరన్ కొట్టి ఎంతోసేపు కాలే. వాకిట్ల చాట పట్టుకొని బియ్యంల రాళ్ళు ఏరుతున్న. హైదరాబాద్ దవాఖానల ఆమె దగ్గర పనిచేసే నర్సు బిడ్డ చేసింది. "అమ్మా, మేడం నిన్న సాయంత్రం..." అని ఆగిపోయింది. "ఏ మేడం?" అని అడిగిన. తెలిసే అడిగిన. ఇంకెవలన్నా పేరు చెప్తదేమోనన్న ఆశతోటి అడిగిన.

ఫోను పెట్టినంక నాకు మొట్టమొదలు ఏం ఆలోచన వచ్చిందో చెప్తే మీరు తిడుతరు. వచ్చే నెల మొదటి ఆదివారం నా నోట్‌బుక్ ఎవలకు చదివి వినిపియ్యాలె అనుకున్న. నాకంటే పదిహేనేండ్లు చిన్నది పోయింది, నాకేమో నా నోట్‌బుక్ ఫికర్. అటెన్క సిగ్గయింది. గని ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ ఫికర్ల అంత తప్పేం లేదనిపిస్తున్నది. ఆమె నాకిచ్చి పోయింది ఆ నోట్‌బుక్కే.

ఆమె దగ్గర నయమైన మా దిక్కోళ్ళు అందరు కలిసి చిన్న పుస్తకం ఒకటి అచ్చేస్తున్నరు. నన్ను గూడ రాయమన్నరు. నేను చదివింది నాలుగో తరగతి. రాసే చెయ్యి కాదు నాది. ఆమె చెప్పబట్టి అయిదేండ్ల సంది దినానికొక్క లైను రాసుకుంట రాసుకుంట ఈ చెయ్యి పడ్డది. తప్పులుంటే అచ్చేసేటోళ్ళు దిద్దుండ్రి. గని ముచ్చట మాత్రం మార్చకుండ్రి.

నలభై దాటినప్పటి సంది నా గుండె ఉన్నట్టుండి ఉరికేది. వంగి బిందె లేపితే ఉరికేది, బట్టలు పిండుతుంటే ఉరికేది, ఏం చెయ్యకుండ గోడకు ఆనుకొని కూసున్నా ఉరికేది. మెడకాడ కప్ప ఎగిరినట్టు ఎగిరేది. కండ్లకు చీకట్లు వచ్చేటివి. ఒక్కోపారి పావుగంట, ఒక్కోపారి కుండెడు అన్నం ఉడికేంతసేపు.

ఎవలకు చెప్పినా ఒక్కటే మాట. "ఫికర్ జేస్తవ్ గదనే, ఉరకదా మరి?" వాళ్ళన్నది ఉత్తదేం కాదు. నాకు ఫికర్ ఎక్కువ. మా ఇంటాయన బొగ్గుబాయిల సర్దార్. సర్దార్ అంటే షిఫ్టోళ్ళు దిగకముందే పోయి, వాళ్ళు పనిచేసే జాగల పైబండ గట్టిగున్నదా, ఊడేటట్టున్నదా చూసి బుక్కుల రాసేటాయన. అందరికంటే ముందుగాల ఆ బండ కిందికి పోయేది మా ఆయనే అన్నట్టు. ఆయన డ్యూటీకి పోయిన కాడి నుంచి సైకిల్ బెల్లు ఇనబడేదాక నేను మనిషిని కాను. పది నిమిషాలు లేటైతే రోడ్డు మీదనే ఉండేదాన్ని. పక్క క్వార్టర్ వదినె నవ్వేది. "నీ గుండెకు గూడ మూడు షిఫ్టులేనే. ఆదివారం సెలవు గూడ ఇయ్యవు."

డాక్టర్ల దగ్గరికి పోతే, నేను పోయి కూసునేసరికి గుండె మామూలయ్యేది. ఈసీజీ పట్టీ తీస్తే మంచిగనే వచ్చేది. నెమ్మదిగుండమని గోలీలిచ్చి పంపేటోళ్ళు. కొన్నేండ్లకు నాకే అనుమానం పట్టింది, నేనే తెచ్చుకుంటున్ననా ఈ బీమారి అని.

అప్పుడు గోదావరిఖనిల మా క్వార్టర్ల దగ్గరి హాలుల గుండె జబ్బుల క్యాంపు పెట్టిండ్రు. నేను పోనంటే మా ఇంటాయన సైకిల్ మీద కూసోబెట్టుకొని తోలుకపోయిండు. అక్కడ మొదటిసారి చూసిన డాక్టరమ్మను. సన్నటి మనిషి. ముడిల పెన్సిల్ గుచ్చుకొని ఉండె. గుండె చూసే గొట్టం బిళ్ళను ముందుగాల తన అరచేతుల పెట్టి మూసి, ఇంత సేపు ఉంచి, అప్పుడు నా ఈపుకు ఆనిచ్చింది. ఇదెందుకు బిడ్డా అంటే "చల్లగా తగిలితే ఉలిక్కిపడతారు కదమ్మా" అన్నది. కోస్తా దిక్కు మాట. నేను చూసినన్ని దినాలు ఆమె ఎవలకైనా గట్లనే చేసింది.

నేను చెప్పుకునేదంతా ఇన్నది. అడ్డం మాట్లాడలే. అయినంక ఒక్క ముచ్చట అడిగింది, అన్నేండ్లల ఎవలు అడగంది.

"ఎలా మొదలవుతుందమ్మా? మెల్లగా పెరుగుతుందా, ఒక్కసారిగానా?"

"కరెంటు సుచ్చు ఏసినట్టు బిడ్డా."

"ఆగేటప్పుడు?"

"బందువెట్టినట్టే. టక్కున."

ఆమె కలం కింద పెట్టింది. "మీకు కంగారెక్కువ అంటున్నారు. కంగారెప్పుడైనా అలా టక్కున ఆగుతుందా?"

ఫికర్ సంగతి నన్నడుగుతే చెప్పనా? "ఎన్నడాగది. ఈయన ఇంటికచ్చి, కాళ్ళు కడుక్కొని, అన్నం తిన్నా గూడ ఇంకింత మిగుల్తది" అన్న.

ఆమె నవ్వితే సప్పుడు రాదు. భుజాలు ఊగుతయంతే. "అయితే ఇది కంగారు కాదమ్మా. మీ గుండెలో కరెంటు దారి తప్పి గిర్రున తిరుగుతోంది. కంగారు మీకు వేరేగా ఉంది, అది నా చేతిలో లేదు. దీని సంగతి చూద్దాం."

నేను ఆడనే ఏడ్సిన. నయమైతదని కాదు. నన్ను నమ్మిందని.

ఆమె ఒట్టిగ చీటీ రాసిచ్చే డాక్టర్ కాదని హైదరాబాద్ పోయినంకనే తెలిసింది. తప్పుదారి పట్టిన గుండెలకు కొత్త వైద్యం కనిపెట్టేటందుకు ఆమె, ఇంకిద్దరు డాక్టర్లు ఏండ్ల సంది కొట్టుకుంటున్నరట. ఒక కాయితం మీద గుండె బొమ్మ గీసి మా ఇద్దరికి చెప్పింది. తొడ దగ్గరి నరంల నుంచి సన్నటి తీగ గుండె దాక పంపి, కరెంటు తప్పుదారి పట్టే జాగను కాల్చేది పాత పద్ధతి. నా తప్పుదారి గుండె అసలు దారికి ఆనుకొనే ఉన్నది. కాల్చుట్ల అసలు దారి గూడ కాలితే లోపల మిషను పెట్టాలె. అందుకని వీళ్ళు కాల్చుడు గాకుండ చల్లబెట్టి చూస్తున్నరు. ముందు కొద్దిగ చల్లబెడితే ఆ జాగ నిద్రపోతది. అది ముట్టద్దన్న జాగ అయితే తీగ తీస్తరు, మళ్ళ లేస్తది. సరైన జాగ అయితే ఇంకా గట్టిగ చల్లబెడుతరు, ఇగ లేవది.

మా ఇంటాయన తలకాయ ఊపుకుంట ఇన్నడు. "అంటే మేం పైబండను ముందుగాల తట్టి చూసినట్టా మేడం?"

ఆమె ముడిల నుంచి పెన్సిల్ తీసింది. "ఎలా తడతారు సర్దార్‌గారూ?"

ఈయనకు ఇగ పట్టపగ్గాలు లేవు. కర్రతోటి తడితే గట్టి బండ ఖంగుమంటదని, లోపల పగులుంటే డబ్బ మోత మోగుతదని, ఆ మోత ఇన్నకాడ మనిషిని నిలవడనియ్యద్దని బల్ల మీద యేళ్ళతోటి కొట్టి చూపెట్టిండు. బయట మస్తుమంది కూసున్నరు. ఆమె అంతా రాసుకున్నది.

"మరి మళ్ళ రాదు గదా బిడ్డా?" అని అడిగిన.

"కొందరికి వస్తోందమ్మా. ఎవరికి వస్తుందో, ఎందుకొస్తుందో నాకింకా తెలీదు."

తెల్వదని చెప్పిన డాక్టర్‌ను నేను అప్పుడే చూసుడు. ఎంత భయమైందో అంత ధైర్యం గూడ అయింది. ఒప్పుకున్నట్టు కాయితం మీద ఏలుముద్ర గాకుండ సంతకం పెట్టిన. నా పేరుల ఒక ఒత్తు మర్చిపోయిన, ఆమె చూసి గూడ ఏమనలే.

ఆపరేషన్ బల్ల మీద నేను మెలకువతోనే ఉన్న. "అమ్మా, ఇప్పుడు నేనే ఉరికిస్తాను, భయపడకండి" అన్నది. ఉరికించింది. గుండెను కావాల్నని ఉరికిచ్చేటోళ్ళు ఉంటరా అనుకుంట కండ్లు మూసుకున్న. "చల్లబెడుతున్నాం" అన్నది. టక్కున ఆగింది. మెడకాడ కప్ప పడుకున్నది.

ఇంటికి పంపేటప్పుడు ఆమెనే ఒక నోట్‌బుక్ ఇచ్చింది. దినాం ఒక్క లైను రాయాలె. ఉరికిందా లేదా, ఉరికితే ఏ యాళ్ళకు, ఎంతసేపు, ఏం చేస్తుంటే. "మంచిరోజు కూడా రాయాలమ్మా. మంచిరోజు ఖాళీగా వదిలేస్తే మర్చిపోయారో, బాగున్నారో నాకెలా తెలుస్తుంది?" ఉరుకుడు, ఆగుడు అన్న మా మాటలనే ఆమె గూడ తన కాయితాలల్ల రాసుకునేది.

నాలుగు నెలలు "ఉరకలే, ఉరకలే" అని రాసిన. నా రాత చూసి వదినె "కోడి గీరినట్టున్నదేందే" అనేది. ఉండనీ. నా జన్మల నేను అంత రాసింది లేదు.

అయిదో నెల వాకిట్ల మిరపకాయలు ఆరబోస్తుంటే, వంగి లేచేసరికి ఉరికింది. సుచ్చు ఏసినట్టు. నీళ్ళ డ్రమ్ము పట్టుకొని నిలవడ్డ. పది నిమిషాలకు ఆగింది. పోయి నోట్‌బుక్ తెరిచి, ఏం రాసిన్నో తెలుసా? "ఉరకలే" అని రాసిన.

ఎందుకంటే అంతకుముందు నెల దవాఖానకు పోయినప్పుడు తలుపు అవుతల ఒక పెద్ద డాక్టర్ ఆమెను అడుగుడు ఇన్న. "ఎంతమందికి తిరగబెట్టింది? ఇలా అయితే ఇది నిలబడుతుందా?" ఆమె ఏదో మెల్లగ చెప్పింది. లోపలికి వచ్చినప్పుడు మొఖం చిన్నగున్నది. అయినా నా ఈపుకు బిళ్ళ ఆనిచ్చే ముందు అరచేతుల పెట్టుకున్నది. ఇది ఆమెకు పరీక్ష అని నా మనసుల అనుకున్న. నేను "ఉరికింది" అని రాస్తే ఆ పిల్ల ఫెయిలు. నన్ను నమ్మినామెను నేను ఫెయిలు చేస్తనా? ఆ వారంల ఇంకో రెండుసార్లు ఉరికింది. రెండుసార్లు "ఉరకలే" అనే రాసిన.

మూడోసారి మా ఇంటాయన చూసిండు. సెకండు షిఫ్టుకు బయలెల్లుతుండె. నేను గోడ పట్టుకొని మెడకాడ చెయ్యి పెట్టుకున్న. సైకిలెక్కి పోయిండు. మర్నాడు నోట్‌బుక్ తెరిచి చదివిండు.

"ఇదేంది?"

"ఏది?"

"నిన్న నువ్వు గోడకానుకొని ఉంటివి. ఇందుల ఉరకలే అని ఉన్నది."

ఆ పిల్ల ఫెయిలైతదయ్యా అని చెప్పిన. ఆయనకు కోపం వస్తే గొంతు పెద్దగ కాదు, చిన్నగైతది. "నేను తట్టకుండనే బండ మంచిగున్నదని బుక్కుల రాస్తే నువ్వు నన్ను ఈ ఇంట్ల ఉండనిస్తువా?"

"అదెట్ల రాస్తవ్! కిందికి మనుషులు పోతరు గదా!"

"నీ ఎనుక ఆ బల్ల మీదికి ఎవలు పోతరు మరి?"

నాకు అన్నం పోలే. నేను "ఉరకలే" అని రాసిన లైను చూసి, ఈ వైద్యం గట్టిదనుకొని, నా అసొంటి ఇంకో ముసల్ది ఆ బల్ల ఎక్కుతది. నా ఫికర్‌లు అన్ని ఒక దిక్కు, ఆ ఫికర్ ఒక దిక్కు.

హైదరాబాద్ పోయి ఆమె ముందట నోట్‌బుక్ పెట్టి, తల వంచుకొని చెప్పిన. తిడుతదనుకున్న. ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నది.

"ఎన్నిసార్లమ్మా?"

"మూడు."

"ఏ రోజులో గుర్తుందా?"

గుర్తులేకేం. నేను కొట్టేయబోతే నా చెయ్యి పట్టుకున్నది. "కొట్టెయ్యకండి. అది అలాగే ఉండనీండి. పక్కన నిజం రాసి సంతకం పెట్టండి." మా ఇంటాయన "మా బుక్కుల గూడ గట్లనే మేడం" అన్నడు, గొప్పగ.

నేను రాస్తుంటే ఆమె మెల్లగ అన్నది. "నా మంచి కోరే చేశారు, తెలుసు. కానీ నాకు మంచి జరగడం కాదమ్మా కావలసింది. ఏం జరిగిందో కావాలి."

నన్ను మళ్ళ బల్ల మీదికి తీసుకున్నరు. ఈసారి ఆ జాగను చల్లబెట్టి, ఇడిసిపెట్టి, మామూలైనంక అక్కడనే మళ్ళోసారి చల్లబెట్టిండ్రు. అప్పటి సంది నాకు ఉరకలే. ఇది నిజంగ నిజం. కొన్నాళ్ళకు ఆమెనే చెప్పింది. నా లెక్కనే తిరగబెట్టిన వాళ్ళ నోట్‌బుక్‌లు అన్ని ముందటేసుకొని చూసిండ్రట. ఇప్పుడు అందరికి రెండుసార్లు చల్లబెడుతున్నరట. "మీ మూడు రోజులు కూడా అందులో ఉన్నాయమ్మా" అన్నది. బస్సుల కూసున్నంక మా ఇంటాయన నా దిక్కు చూసి మీసం దువ్వుకున్నడు, తనే కనిపెట్టినట్టు.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన దినాలల్ల బస్సులు బంద్, ఈయన డ్యూటీ బంద్. నేను హైదరాబాద్ పోలేకపోయిన. ఆదివారం పదింటికి ఆమెనే ఫోను చేసింది. "నోట్‌బుక్ తెరవండమ్మా, చదవండి." నెలంతా చదివిన. అప్పటి సంది ప్రతి నెల మొదటి ఆదివారం పదింటికి ఫోను. నేను చదువుతుంటే ఇంటుండేది, మధ్యల "ఊఁ" అనేది.

తెలంగాణ వస్తదంటే మా వాడకట్టంతా సంబురం. నాకు గూడ సంబురమే. గని నాకు ఇంకో ఫికర్ పట్టుకున్నది. ఆమె అవుతల దిక్కు మనిషాయె, రాష్ట్రం వేరైతే ఎల్లిపోతదేమోనని. ఉండబట్టలేక ఫోన్ల అడిగిన.

"మీ నోట్‌బుక్ పూర్తవ్వకుండా ఎక్కడికి పోతానమ్మా" అన్నది.

ఆమె నవ్వులాటకే అన్నది. నేను మాత్రం ఆ దినం నుంచి అక్షరాలు చిన్నగ రాసుడు మొదలుపెట్టిన. ఒక గీతల రెండు దినాలు పట్టిచ్చిన. తర్వాత పోయినప్పుడు ఆమె నోట్‌బుక్ కండ్లకు దగ్గర పెట్టుకొని "ఇదేంటమ్మా, చీమల బారులా ఉంది?" అన్నది. మా ఇంటాయన ఉన్న ముచ్చట చెప్పేసిండు. ఆమె భుజాలు ఎంతసేపు ఊగినయో. ఎన్కకు తిరిగి బీరువాల నుంచి కొత్త నోట్‌బుక్ తీసి నా ఒళ్ళె పెట్టింది.

ఆఖరి ఫోను పోయిన నెలది. చదువుడైనంక ఎప్పటి లెక్కనే అడిగిన. "నువ్వెట్లున్నవ్ బిడ్డా?"

"బాగున్నానమ్మా. మీరు తిన్నారా?"

మాటకు మాటకు నడుమ ఊపిరి తీసుకుంటున్నది. "గొంతు గట్లున్నదేంది?" అన్న.

"ఫ్యాను కింద కూర్చున్నాను. బాగున్నానమ్మా."

ఫోను పెట్టి మా ఇంటాయనకు చెప్పిన, ఆ పిల్ల గొంతుల డబ్బ మోత ఇనబడ్డదని. "నీకు ఎవలు తుమ్మినా ఫికరే" అన్నడు. నిజమే గదా అని ఊకున్న. నా జన్మంత అక్కెరలేని కాడ అడిగిన. అడగాల్సిన కాడ ఊకున్న.

నర్సు బిడ్డ చెప్పింది. ఏడాది సంది పెద్ద బీమారేనట. మందులెక్కించుకొని వచ్చి డ్యూటీ చేసేదట. ఆ ఆదివారం నాకు ఫోను చేసింది దవాఖాన మంచం మీద నుంచట.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "మూడు దినాలు అబద్ధం రాస్తే నాకు బుద్ధి చెప్పింది. తను ఏడాది పొడుగు బాగున్నా, బాగున్నా అన్నది. ఇదేం న్యాయమయ్యా?" అని ఈయన మీద పడ్డ.

మా ఇంటాయన నా దిక్కు తిరిగిండు. "ముప్పై ఏండ్లు నేను ఇంటికచ్చి ఏమన్న?" అన్నడు.

"అంతా మంచిగనే అన్నవ్."

"అన్ని దినాలు మంచిగనే ఉండెనా? ఒకపారి తట్టి ఎన్కకు అడుగేసిన్నో లేదో, నేను నిలవడ్డ కాడనే బండ పడ్డది."

"ఎన్నడు?"

"ఎన్నడైతేంది. బుక్కుల రాసిన. నీకు చెప్పలే. నీ మొఖం చూసి ఎట్ల చెప్తరు? ఆ పిల్ల గూడ నిన్ను తన ఇంటి మనిషి అనుకున్నది."

ఆ బండ ముచ్చట మీద ఈయనతోటి నా పంచాది ఇంకా తెగలే. అది వేరే. గని ఆమె మీద కోపం మాత్రం ఆడనే పోయింది. తన కాయితాలల్ల ఆమె ఎన్నడు ఉన్నది మార్చి రాసి ఉండది, అది నాకు తెలుసు. నాకు చెప్పిన మాట ఒక్కటే అట్ల చెప్పింది. చల్లటి బిళ్ళను అరచేతుల పెట్టుకున్నట్టే.

మొన్న మొదటి ఆదివారం. పదింటికి నాకు చెయ్యి ఊకుండలే. అద్దాలు పెట్టుకొని, నోట్‌బుక్ తెరిచి, ఫోను పక్కన పెట్టుకొని కూసున్న. అది మోగదని తెలుసు. మా ఇంటాయన పేపర్ మడిచి పక్కన పెట్టి, వచ్చి ముందట కూసున్నడు.

"చదువు. నేనింట."

చదివిన. "సోమవారం, ఉరకలే. మంగళవారం, ఉరకలే." ఆమె లెక్కనే మధ్య మధ్యల "ఊఁ" అన్నడు. నర్సు బిడ్డ ఫోను వచ్చిన దినం కాడికి రాంగనే ఆగిన.

"ఏం రాసినవ్ ఆ దినం?" అన్నడు.

అద్దాలు తీసి తుడుసుకొని చదివిన.

"పొద్దుగాల, బియ్యం ఏరుతుంటే. ఉరకలే. ఒక్కపారి ఆగినట్టయింది. మళ్ళ నడిసింది."

"ఊఁ" అన్నడు. "తర్వాతి దినం?"